లోపలి గొళ్లెం

మా ఊరి బడిలో చివరి గదికి గొళ్లెం బయటే ఉండేది. లోపల ఉండేది కాదు. లోపలి నుంచి తలుపు వేసుకోవాల్సిన అవసరం ఆ గదిలో ఎవరికీ రాలేదు మరి. నా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే ఊరు కాబట్టి నేను చదివిందీ ఆ గదిలోనే, మూడో తరగతి దాకా. సారు చాయ్ తాగడానికి పోతూ బయట గొళ్లెం పెట్టి పోయేవాడు. తిరిగి వచ్చేసరికి మేమంతా లోపలే ఉండేవాళ్లం. మా పిల్లలు మంచి బుద్ధిమంతులని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. నా చదువు అంతటితో సరి. ఇప్పుడు చెప్పేది చూసి గుర్తు పెట్టుకున్నదే గాని ఎక్కడా చదివింది కాదు.

కరోనా వచ్చిన ఏడు ఎండాకాలం. మా కోడలు హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో నర్సు. ఆమెకు కరోనా వార్డులో డ్యూటీ వేశారు. కొడుకు భూపాలపల్లిలో బొగ్గు లారీ తోలుతాడు, అక్కడే ఇరుక్కుపోయాడు. మూడేళ్ల మనవరాలు నా దగ్గర ఉండేది. రోజూ సాయంత్రం కోడలు ఫోన్లో కనపడేది. పిల్ల "అమ్మా, తిను" అని ఫోనుకు అన్నం ముద్ద పెట్టేది. ఛార్జింగ్ పెట్టే సందులో మెతుకులు ఇరుక్కుని ఫోను చెడిపోయింది. బాగుచేయించుకుందామంటే దుకాణాలన్నీ బందు. ఆ తర్వాత పిల్లకు తల్లి కనపడలేదు, వినపడలేదు.

వార్డులో డ్యూటీ అయ్యాక కోడలికి సెలవు ఇచ్చారు. మళ్లీ పోయి అదే వార్డులో చేరాలి. ఆమె అనుకున్నది ఏమిటంటే, సగం సెలవు ఎవరినీ ముట్టకుండా మా పెరటి గదిలో ఉండడం, ఒంట్లో ఏమీ లేదని తేలాక మిగతా సగం పిల్లతో గడపడం. పక్కింటి వాళ్ల ఫోనుకు చేసి ఈ మాట నాకు చెప్పింది. నేను పెరటి గది కడిగి, అందులో ఉన్న గడ్డి బర్రె కొట్టంలోకి మార్చాను. పక్కింటి వాళ్ల ఫోను గనక, ఈ మాట ఊరికి కూడా తెలిసింది.

దవాఖాన బండి ఆమెను రఘునాథపల్లి దగ్గర రోడ్డు మీద దింపిపోయింది. అక్కడి నుంచి నడిచి వచ్చేసరికి మా ఊరి దారికి తుమ్మకంప అడ్డం వేసి ఉంది. అవతల సంచి పట్టుకుని ఆమె, ఇవతల ఊరు. ఊరి ముందు మా బావ. వరసకు మా ఆయనకు అన్న, ఊళ్లో పెద్దమనిషి. టీవీ బాగా చూస్తాడు.

"దవాఖానలకెల్లి వచ్చినోళ్లు ఎవ్వలైన గ్యారంటీల ఉండాలె. సర్కారు చెప్పింది," అన్నాడు.

"గది గ్యారంటీ కాదు పెద్దమామ, క్వారంటైన్," అంది కోడలు కంప అవతల నుంచి.

"నేనన్నది గదే గద. గ్యారంటీ."

కోడలు ఇంకోసారి సరిచేసింది. ఆ తర్వాత ఆమె కూడా గ్యారంటీ అనే అంది.

"ఉండనంటలేను పెద్దమామ. మా పెరట్ల గదిల ఉంట. ఎవ్వల మొకం సూడ."

"మీ మామకు దమ్మున్నది. ఊరందరు మీ ఇంటి ముంగట్నుంచే బోరింగు కాడికి వోవాలె. నీ ఒక్కదాని కోసం ఊరిని ఆగం చెయ్యమంటవా?"

ఆ మాట అబద్ధం కాదు. మా ఆయనకు దమ్ము, అంటే ఉబ్బసం; మందు పీల్చే పంపు జేబులో లేకుండా బయట కాలు పెట్టడు. కోడల్ని రమ్మనాలో వద్దనాలో తెలియక ఆయన దగ్గాడు. ఆ దగ్గునే అందరూ ఆయన మాట కింద తీసుకున్నారు.

"మానుకోట కాడ మీ తల్లిగారింటికి వోరాదు?" అని ఎవరో అడిగారు. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం.

"ఫోన్ చేసిన. ఆళ్లూ కంప ఏసిన్రట. అత్తగారింటికి వోరాదని అడిగిన్రు."

"భూపాలపల్లి?"

"నర్సు వస్తే రూము కాలీ చేయాలె అన్నడట ఇంటి ఓనరు."

మూడు జిల్లాల్లో ఆమెకు అయినవాళ్లు ఉన్నారు, తెరిచే తలుపు ఒక్కటీ లేదు. చివరికి మా బావే బడి మాట తెచ్చాడు. బడి ఊరి చివర ఉంది, ఎలాగూ బందు ఉంది, బాత్రూము ఉంది, నల్లా ఉంది. కోడలు సరేనంది. నాకూ మనసులో కొంచెం నిమ్మళమైంది, ఇంట్లో ఆ దగ్గు విన్నదాన్ని కదా.

"నీ సెలవు అయిపోయేదాంక ఉండాలె. బయట గొళ్లెం వెట్టి తాళం ఏస్తం," అన్నాడు బావ.

"సెలవంత ఎందుకు? సగం చాలు. తాళం అసలే వద్దు. నేనేమన్న దొంగనా?"

"నువ్వు దొంగవు కాదు బిడ్డా. రోగం దొంగది."

"రాత్రి పామొస్తే?"

"పిలువు. వస్తం."

"గీడ కంప దాటి వస్తలేరు. గాడ పాము కాడికి వస్తరా?"

పాము సంగతి, తాళం సంగతి రేపు మాట్లాడదామన్నారు. కోడలు పొలాల వెంట చుట్టూ తిరిగి బడికి పోయి ఆ చివరి గదిలో దిగింది. నేను అన్నం, మామిడికాయ తొక్కు, పక్కబట్టలు బడి గేటు దగ్గర పెట్టి దూరం జరిగాను.

"అత్తమ్మా, మామ పెట్టెల స్క్రూడ్రైవరు ఉంటది. జర తెచ్చిస్తవా?" అని అడిగింది.

ఎందుకని అడగలేదు. తెచ్చి గోడ మీద పెట్టాను.

తెల్లారి బావ తాళంకప్ప పట్టుకుని బడికి పోతే తలుపుకు గొళ్లెం లేదు. స్క్రూల బొక్కలు మాత్రం ఉన్నాయి. గొళ్లెం ఊడదీసి లోపలి వైపు బిగించుకుంది. పై చెక్కంతా చెదలు తిన్నదట, స్క్రూ పట్టలేదట. కింద మోకాలెత్తున గట్టి చెక్క చూసి అక్కడ బిగించింది.

"గొళ్లెం ఏది?" అని గేటు దగ్గర నుంచే అరిచాడు బావ.

"లోపల ఉన్నది పెద్దమామ."

"లోపలెందుకున్నది?"

"లోపలున్నది నేను గద."

బావ తాళంకప్ప జేబులో వేసుకున్నాడు. బయట గొళ్లెం లేకపోతే ఊరికి గ్యారంటీ లేదన్నాడు. ఇంకో గొళ్లెం కొందామంటే జనగామలో దుకాణాలు బందు. వడ్రంగం చేసే వడ్లాయనను పిలిస్తే, ఆ తలుపు ముట్టనని చెప్పి ఇంటికి పోయి స్నానం చేశాడు. ఇక తానే గొళ్లెమైతానని బావ ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గేటు పక్కన వేసుకున్నాడు. పొద్దంతా అక్కడే.

కావలి కాసేవాడికీ కావలిలో ఉన్నదానికీ వేరే పని ఏముంటుంది? మాట్లాడుకోవడం మొదలైంది. ఆయన తన మోకాళ్ల నొప్పులు, భార్య షుగరు, ఎద్దు కాలి పుండు, అన్నీ గేటు దగ్గర నుంచి అడిగేవాడు. ఆమె కిటికీలోంచి చెప్పేది. ఎద్దు సంగతి తనకు తెలవదని ఆమె అంటే ఆయన నమ్మలేదు.

మధ్యాహ్నం నేను అన్నం గిన్నెతో, పిల్లతో పోయేదాన్ని. వాకిట్లో దూరంగా ముగ్గుపిండితో ఒక గీత గీసుకున్నాను. పిల్లకు ముగ్గు తొక్కవద్దని తెలుసు గనక గీత దాటేది కాదు. గీత మీద కూర్చుని కిటికీ వైపు చూసేది. మొదటి రోజు ఎవరో అనుకుంది. రెండో రోజు, "అమ్మ ఫోన్లకెల్లి ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

"మొన్న," అన్నాను.

"బడిల సదువుకుంటున్నదా?"

"ఊఁ."

"ఇంటిబెల్లు ఎప్పుడు కొడ్తరు?"

"మీ పెద్దతాతనడుగు."

అడిగింది. బావ తువ్వాలతో మొహం తుడుచుకుని, "మీ అమ్మ సెలవు అయిపోయినంక," అన్నాడు.

"సెలవు అయిపోతే బడికి వోతరు గద తాతా," అంది పిల్ల.

ఆయన కుర్చీ కొంచెం అటు తిప్పుకున్నాడు. కోడలు ఆ పొద్దు తినకుండానే గిన్నె కడిగిందని సాయంత్రం గిన్నె పక్కన కుక్కకు పెట్టిన అన్నం చూస్తే తెలిసింది.

ఆ గేటు స్తంభానికి నీడ ఉంటుంది గాని, నీడ ఒకచోట ఉండదు. పొద్దు ఎక్కిన కొద్దీ అది వెనక్కి పోతుంది. నీడ వెంట కుర్చీ జరిపితే తలుపు కనపడదు. బావ జరపలేదు. రోహిణి కార్తె ఎండ. ఒకరోజు నేను గిన్నెతో పోయేసరికి కుర్చీ ఉంది, ఆయన కింద ఉన్నాడు.

నేను మొత్తుకుంటే ఊరంతా వచ్చింది. ఊరికీ కోడలికీ మధ్య దూరం ఉండాలనే ఆయన అక్కడ కూర్చున్నది. ఆయనకు మాట ఉంది. ఆ మాట ఒక్కటే: "బిడ్డా, ఒక్క గ్లూకోజు బాటిలు ఎక్కియ్యి."

మా దిక్కు బాటిలు ఎక్కనిదే ఏ రోగం దిగినట్టు కాదు. బాటిళ్లు ఎక్కించే ఆర్ఎంపీ డాక్టరు టేకుమట్లలో అత్తగారింటికి పోయి లాక్‌డౌన్లో అక్కడే ఉండిపోయాడు. మిగిలింది మా కోడలు.

"నీడకు జరుపున్రి! అంగీ ఇప్పున్రి, తడిబట్ట ఏసి ఇసురుండ్రి!" అని కిటికీలోంచి కేకేసింది. "మాట మంచిగున్నది గద, సల్లల ఉప్పేసి మెల్లగ తాపున్రి. నూట ఎనిమిదికి ఫోన్ కొట్టున్రి!"

"గవన్నీ చేస్తంగని, ముందుగాల నువ్వు బయటికి రా!"

"నేను రాను."

"మనిషి పోతుంటె రాదంట! గిదేం నర్సమ్మ!" అంది ఒకామె. కంప దగ్గర ఆ రోజు కొంగు మూడు మడతలు వేసి ముక్కు మూసుకున్నామె ఈమే.

"నాకు రోగం లేదని ఇంకా తేలలేదు. పెద్దమామ ముసలాయన. ఎండ నుంచి బతికి నాతోని పోతే?"

"నీకేం లేదు తీ! మాకు తెల్సు!"

"మొన్న తెల్వకపాయె?"

అప్పుడు బావే, పడుకున్నచోటి నుంచి, "నేనే చెప్తున్న బిడ్డా, తలుపు తియ్యి. ఊరి పెద్దను చెప్తున్న," అన్నాడు.

"నువ్వే లోపలికి వొమ్మంటివి పెద్దమామ. నువ్వే రమ్మంటవా? నా గ్యారంటీ ఇంకా అయిపోలేదు."

ఊరు చాలా మాటలంది. ఆ మాటలు నాకన్నీ గుర్తే గాని ఇక్కడ చెప్పడం బాగుండదు. నేను బట్ట తడుపుకు రావడానికి నల్లా దగ్గరికి పోతూ ఒకసారి కిటికీలోంచి లోపలికి చూశాను. కోడలు తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. ఒక చెయ్యి గొళ్లెం మీద ఉంది. రెండో చెయ్యి ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

ఆంబులెన్సు వచ్చేసరికి బావ లేచి కూర్చుని ఉప్పేసిన మజ్జిగ తాగుతున్నాడు. వాళ్లు బీపీ చూసి, ఇదే తాగమని, ఎండలో కూర్చోవద్దని చెప్పి పోయారు. బాటిలు ఎక్కించలేదు. ఆ బాధ ఆయనకు ఇప్పటికీ ఉంది.

సగం సెలవు అయ్యాక ఒక సిస్టరమ్మ వచ్చి కోడలి ముక్కులో పుల్ల పెట్టి తీసుకుపోయింది. ఏమీ లేదని జనగామ నుంచి పక్కింటి వాళ్ల ఫోనుకు చెప్పారు. కాబట్టి ఊరికి కూడా చెప్పినట్టే. బడి గేటు ముందు మళ్లీ పంచాయితీ. పుల్లకేం తెలుస్తుందన్నారు కొందరు. సెలవు అయ్యేదాకా ఉండనీ, అదే మంచిదన్నారు. నేను పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. పిల్ల కోసం ఇంకెన్ని పొద్దులున్నాయో నా లోపల నేను లెక్క వేసుకుంటున్నాను.

బావ కుర్చీలోంచి లేచాడు.

"నేను సస్తున్న అని మొత్తుకున్న. ఊరంత తిట్టింది. అయినా తీసిందా?"

కుర్చీ వెనక్కి జరిపి ఊరి వైపు తిరిగాడు.

"బయట తాళం నా చేతిల ఉంటె ఆ పొద్దే తీస్తుంటి నేను. బాటిలు కోసం తీస్తుంటి. గా పిల్ల తియ్యలే. గిప్పుడు తీస్త అంటున్నదంటె తీసెటట్టు ఉన్నట్టే. గింతకంటె గ్యారంటీ ఏం గావాలె మీకు?"

ఆయన ఇంకా తువ్వాల తడిపి నెత్తి మీద వేసుకునే ఉన్నాడు. అందుకేనేమో ఊరు పక్కకు జరిగి దారిచ్చింది.

గొళ్లెం తీసిన చప్పుడైంది. కోడలు బయటికి వచ్చింది, ముగ్గు గీత దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుని చేతులు చాపింది. నేను పిల్లను దించాను. పిల్ల గీత దాకా నడిచింది. కాళ్లకు అంటకుండా గీతను దాటింది. తల్లిని కూడా దాటి నేరుగా గదిలోకి పోయింది. తలుపు మూసుకుంది. గొళ్లెం మోకాలెత్తునే ఉంది కదా, దానికి అందింది.

"బిడ్డా, తలుపు తియ్యి," అంది కోడలు.

"నేను గ్యారంటీల ఉన్న," అంది పిల్ల లోపలి నుంచి.

ఇద్దరు మగవాళ్లు తలుపు నెట్టబోయారు. చెదలు తిన్న తలుపు, ఒక్క తోపుకు పోతుంది.

"ముట్టకున్రి," అంది కోడలు. "లోపలి గొళ్లెం లోపలోళ్లే తియ్యాలె." బావ కుర్చీనే తెచ్చి తలుపు ముందు వేసుకుని కూర్చుంది. "ఎప్పుడొస్తవు బిడ్డా?"

"ఇంటిబెల్లు కొట్టినంక."

అందరూ బావ వైపు చూశారు. బడి వరండాలో బెల్లుగా ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుంది. దాన్ని కొట్టే ఇనుపకడ్డీ ఆఫీసు గదిలో ఉంది, ఆఫీసు గదికి తాళం ఉంది. ఆయన వాకిలంతా తిరిగి ఒక రాయి ఏరుకుని పోయి కొట్టాడు. బాగానే మోగింది. ఆ తర్వాత తలుపు అవతల, మోకాలెత్తున, ఇనుము జరిగిన చప్పుడైంది.