బోనెట్టు మీద అమ్మ అరచెయ్యి

టెక్కలిలో హైవే పక్కనున్న నా కారు పాలిష్ షాపులో పొద్దున్నే కాంపౌండు డబ్బా మూత తీస్తే, కిరసనాయిల్లో సుద్దముక్క నానబెట్టినట్టు ఓ వాసన వస్తుంది. ఆ వాసనకి నాకు సంతోషం రాదు, దుఃఖమూ రాదు. పలాసలో మా నాన్న షెడ్డు మాత్రం గుర్తొస్తుంది.

నాన్న కార్లకు రంగులేసేవాడు. అమ్మ జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టేది. ఎండలు ముదిరేసరికి ఉద్దానం తోటల నుంచి పిక్కల బస్తాలు దిగేవి, కాల్చిన పెంకుల పొగ ఆరేసిన బట్టలకీ మా జడలకీ పట్టేసేది, మేం పిల్లలం నేల మీద గీత గీసి పిక్కలాట ఆడి, గెలిచినవి నిప్పుల్లో వేసి, చిట్లిన సొనకి మూతులు పొక్కించుకుని, జీడిపండు రసంతో గౌన్లన్నీ మరకలు చేసుకుని ఇంటికి చేరితే, నానమ్మ తిట్టే తిట్లన్నీ తిడుతూనే కొబ్బరినూనె రాసేది. పండక్కి చేసే బూరెల్లో విరిగిన జీడి ముక్కపప్పు పంటికి తగిలేది.

అమ్మ చేతులకి బూడిద రాసుకునే పిక్కలు కొట్టేది. అయినా ఏళ్ల తరబడి ఆ సొన తగిలి తగిలి వేళ్లు నల్లబడి, అరచేతులు అట్టకట్టాయి. పొయ్యి మీది గంజికుండని గుడ్డ లేకుండా దించేది. మా అమ్మకి కాలదని బళ్లో గొప్పలు చెప్పుకున్నదాన్ని నేనే.

నాకు పదేళ్లప్పుడు నాన్న విశాఖపట్నం వెళ్లి పాలిష్ మిషను కొనుక్కొచ్చాడు. అంతవరకూ గుడ్డ పెట్టి చేత్తో రుద్దడమే.

"నాలుగు బళ్లు మెరిపించేనంటే నువ్విక పిక్కల్లోకి ఎల్లక్కర్లేదే," అన్నాడు అమ్మతో.

అమ్మ నమ్మింది. మిషనుకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.

దసరా నాలుగు రోజులుందనగా నందిగాం నుంచి ఓ పెద్ద రైతు నల్లకారు పంపాడు, వాహన పూజకి అద్దంలా మెరవాలని. అమ్మ ఆ రోజు కార్ఖానాకి వెళ్లలేదు. కారు కడిగి, అద్దాల అంచులకు టేపు అంటించి, బోనెట్టు మీద కాంపౌండు చుక్కలు పెట్టింది. నాన్న గొర్రెబొచ్చు చక్రం ఆనించి మిషను నొక్కాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ చేసేదే ఆయనా చేశాడు, గీత కనబడ్డ చోట మిషనుని కదపకుండా బరువంతా మోపాడు. రెండు చేతులూ మిషను మీదే ఉన్నాయి. వేడి చూడ్డం అమ్మ పని.

"ఒలే, సెయ్యెట్టి సూడు. కాలతందేటి?"

అమ్మ అరచెయ్యి ఆనించింది. "లేదు మావా, సల్లగానే ఉంది."

మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ చల్లగానే ఉందంది. నాలుగోసారికి మాడు వాసనొచ్చింది. నల్లరంగు లేచిపోయి కింద బూడిదరంగు ప్రైమరు తేలింది. నాన్న వేలు పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అరవడానికి నోరు తెరిచినవాడు ఆగి, అమ్మ చెయ్యి అందుకున్నాడు. అమ్మ కారు వైపే చూస్తోంది. ఆయన గోరుతో ఆమె అరచేతిని గట్టిగా నొక్కాడు.

"తెలుత్తందా?"

"ఏటి? నొక్కతన్నావేటి?" అంది అమ్మ, తల తిప్పి చూశాకే.

ఎన్నాళ్ల నుంచి తెలీడం లేదని అడిగితే, రెండేళ్లో మూడేళ్లో అయుంటాదంది, తలనొప్పి సంగతి చెప్పినంత మామూలుగా. నాన్న షెడ్డు బయట కూర్చుండిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

బోనెట్టుకి మళ్లీ రంగేసి పండక్కి అప్పజెప్పాడు. కానీ బళ్లు కాల్చేస్తాడని పేరు పడిపోయింది, మిషను గోనెసంచిలోకి వెళ్లిపోయింది. అమ్మ మర్నాడే కార్ఖానాకి వెళ్లింది. నా డిగ్రీ అయ్యేదాకా వెళ్తూనే ఉంది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. పిక్కలు కొట్టడానికీ మిషన్లొచ్చాయి. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకి మొదటిరోజే చెబుతాను, మిషను ఒకచోట నిలపొద్దు, వేడి అరచేత్తో కాదు, చేతి వెనకవైపు ఆనించి చూడండి, అక్కడి చర్మం అరచెయ్యిలా మొద్దుబారదు అని.

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆఖరి రోజు ఆసుపత్రిలో ఆమె అరచేతిని నా రెండు చేతుల్లో పట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. కళ్లు మూసుకునే, "పాప రాలేదేటి?" అని నర్సుని రెండుసార్లు అడిగింది. ఇక్కడే ఉన్నానమ్మా అన్నాను, వినబడిందో లేదో. ఆ చెయ్యి తిప్పి వెనకవైపు పట్టుకోవాలని నాకు తట్టలేదు.