మేడ మీద స్నానం చేసే బావ

మా పై ఇంటి బావ పోయారని పరవాడలో డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. మేడ మీద స్నానం చేసి దిగుతూ మెట్ల మీద కూర్చున్నారట, మరి లేవలేదట. నెల దాటింది. ఆయన మంచి గురించి రాయాలనే కూర్చున్నాను. రాయగలిగినంత రాస్తాను.

మాకు చుట్టరికం లేదు. గాజువాకలో ఈ పాత అపార్టుమెంటులోకి మేం సామాను దించుతుంటే పైనుంచి వంగి, "ఏ ఊరు బావా?" అని అడిగారు. ఆనందపురం పక్క అన్నాను. "మా అత్తోరిది ఆ పక్కే. అయితే మనోడివే" అన్నారు. అప్పట్నుంచి ఆయన బావ, ఆయన భార్య అక్క. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి, చేతులు ఊరికే ఉండేవి కావు.

మా బాత్రూం టైల్స్ ఇల్లు కట్టినప్పటివి. తెల్లవి పసుపురంగుకు తిరిగాయి, జాయింట్లు నల్లబడ్డాయి, కుళాయి ఉన్న గోడ ఎప్పుడూ చెమ్మే. కొత్తవి వేయించే స్తోమత లేదు. ఆ ఒక్క గోడైనా పగలగొట్టించి లోపల పైపు చూపిద్దామని మేస్త్రీని పిలిచాను. బావ అతన్ని మెట్ల దగ్గరే ఆపేశారు.

"పగలగొట్టడం ఎవుడైనా సేత్తాడు బావా. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాల. రంగేసీద్దాం."

"మరి సెమ్మో?"

"ఉప్పుగాలి. ఈ వైజాగులో ఆరిన గోడ ఒకటి సూపించు."

మా ఆవిడ నమ్మలేదు. "ఉప్పుగాలి ఒక్క గోడకే తగుల్తాదేటి అన్నయ్యా?" అంది.

"ఆ గోడ మీ ఆయన్లాటిది సెల్లీ. ఏడాది పొడుగునా జలుబే."

ముగ్గురం నవ్వుకున్నాం.

పని మాత్రం శ్రద్ధగా చేశారు. బట్టల సోడాతో జిడ్డు వదిలించారు. పాత స్క్రూడ్రైవరుతో జాయింట్లు గీకి కొత్తగా నింపారు. నున్నటి టైలు రంగును పట్టుకోదని ఉప్పు కాగితంతో ఒక్కొక్కటీ రుద్ది గరుకు చేశారు. గోడ పూర్తిగా ఆరేదాకా బ్రష్ ముట్టొద్దని చెప్పి, అక్కను తీసుకుని అత్తారింటికి వెళ్లారు. మేం కింద వాచ్‌మన్ గది పక్క కుళాయి దగ్గర స్నానాలు చేశాం. వాళ్లు తిరిగొచ్చేసరికి గోడ పొడిగా ఉంది. బావ అరచెయ్యి ఆనించి చూసి తలూపారు. టైల్స్ కోసమని అమ్మే రంగు తెచ్చి చిన్న రోలరుతో రెండు పూతలు వేశారు. లేత నీలం. ఎవరైనా ఇంటికొస్తే ముందు బాత్రూమే చూపించేవాళ్లం.

ఆ తర్వాతే ఆయన మేడ మీద ట్యాంకు కుళాయి కింద స్నానం మొదలుపెట్టారు. చలికాలంలో కూడా అక్కడే. "పోర్టు అలవాటు బావా. గాలి తగిల్తేగానీ తానం సేసినట్టుండదు" అనేవారు.

ఏడాది తిరిగేసరికి ఆ గోడకే రంగు బుడగలు లేచింది. ఆయనే వచ్చి గీకి, మళ్లీ పూసి, టీ తాగి వెళ్లారు. ఆ తర్వాత అది ఏటేటా ఉండే పనైపోయింది. ఇలాంటి మనిషి పైన ఉన్నాడని మా ఊళ్లో కూడా చెప్పుకున్నాను.

పెద్దకర్మకు పై ఇల్లు చుట్టాలతో నిండింది. పొద్దున్నే అందరూ వాళ్ల బాత్రూంలో స్నానాలు చేశారు. మధ్యాహ్నానికి మా గోడ వెంట నీళ్లు కారాయి. రంగు పొరలుగా ఊడి వేలాడింది. మర్నాడు ప్లంబర్ని తీసుకుని పైకెళ్లాను. అతను లోపల చూస్తుండగానే అక్క చెప్పేసింది.

"మా నేల కింద పైపు పగిలింది తమ్ముడూ. ఆయనకి మొదట్నుంచీ తెలుసు. మీ గోడ ఆరాలనే అప్పుడు ఊరెల్లిపోనాం. మేడ మీద తానమూ అందుకే."

"ఒక్క మాట సెప్పలేదేటి అక్కా?"

"సెప్తే నువ్వు మాటాడ్డం మానేత్తావని."

మానేసేవాణ్ణో లేదో నాకు తెలియదు. తెలుసుకునే వీలు ఆయన నాకివ్వలేదు. అన్నేళ్లు నా ఎదురుగా కూర్చుని, నా ఇంటి టీ తాగుతూ, ఉప్పుగాలి అన్నారు. మేం అది విని నవ్వాం. పైపు పగలడం ఎవరింట్లోనైనా జరుగుతుంది. నన్ను అంత చిన్న మనిషిగా లెక్కేశారని మాత్రం మింగుడు పడడం లేదు.

అక్క నేల తవ్వించి పైపు మార్పించింది. గోడ ఆరింది. మిగతా మూడు గోడల మీద ఆయన వేసిన రంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నాలుగో గోడను నేనే ఉప్పు కాగితంతో రుద్దుతున్నాను, ఆయన చూపినట్టే, మూలల నుంచి మొదలుపెట్టి.

నిన్న రోలరు కడుగుదామని మేడెక్కాను. ట్యాంకు కుళాయి కింద గచ్చు మీద నాచు ఇంత మందాన పేరుకుని ఉంది. మధ్యలో రెండు పాదాలు ఆనినంత మేర మాత్రం గచ్చు కనిపిస్తోంది. నీళ్లు పడక చుట్టూ నాచు నల్లబడి, అంచుల నుంచి లేస్తోంది. ఆ రెండు పాదాల చోటు ఇంకా తెల్లగానే ఉంది.