రెండొందల నలభై కేలరీల జావ

బరంపురం పెద్దబజారులో పప్పుల కొట్టు కాసులు గారికి ఉన్న జబ్బు ఒకే ఒక్కటి: సరి తూకం. గ్రాము తగ్గితే ఆయనకి నిద్ర పట్టదు. గ్రాము పెరిగితే అన్నం సయించదు. మిగతా షావుకార్లకి షుగరూ బీపీ ఉన్నట్టు ఈయనకి ఇది ఉంది. దీనికి కటక్‌లో పెద్ద డాక్టర్ల దగ్గర కూడా మందు లేదు.

ఒకసారి ఆయన పంచదార తూస్తుంటే కాటా పళ్లెంలోకి చీమ ఎక్కిందట. ఇంకొకరైతే ఉఫ్ అని ఊదేస్తారు. కాసులు గారు ఊదలేదు. ఊదితే పంచదార ఎగిరిపోదూ! చీమ తన పనులన్నీ చూసుకుని తనంతట తాను దిగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ చీమ దిగుతూ దిగుతూ ఒక పలుకు నోట కరుచుకుపోయింది. ఈయన ఆ ఒక్క పలుకూ వేసి అప్పుడు పొట్లం కట్టారు. ఇదంతా కోత అనేవాళ్లు బజారులో ఉన్నారు గానీ, వాళ్లూ కందిపప్పు ఆయన దగ్గరే కొంటారు.

కొట్లో తండ్రి పక్కన కూర్చునే ప్రద్యుమ్న ఆ చీమని చూడలేదు. అతను చూసినవి అతనికి చాలు. కొడల నుంచి వచ్చిన ఒకావిడ కేజీ మినప్పప్పు కొనుక్కుని ఆటో ఎక్కి వెళ్లిపోతే, కాసులు గారు స్కూటరేసుకుని లంజిపల్లి దాకా తరిమి ఆటో ఆపారు.

"అమ్మా, ఆ పొట్లం ఇటియ్యండి."

"తక్కువిచ్చేసేరేటి బాబూ?"

"కాదమ్మా, నాలుగు గ్రాములు ఎక్కువెల్లిపోయింది."

స్కూటరు డిక్కీలోంచి చేతి త్రాసు తీసి, నడిరోడ్డు మీద తూచి, ఆ నాలుగు గ్రాములూ రుమాల్లో మూటగట్టుకుని వచ్చారు. ఆవిడ ఊరెళ్లి ఈ సంగతి ఎంతమందికి చెప్పిందో, మర్నాటి నుంచి కొడల జనం సగం ఈయన కొట్లోనే ఉన్నారు.

ఇల్లాలు నీలమ్మ గారు మాత్రం ఇవేవీ లెక్కలోకి తీసుకోరు. "పెళ్లిలో తలంబ్రాల పళ్లేలు రెండూ సూసి ఏటన్నారో తెలుసా? 'పంతులుగారూ, అమ్మాయి పళ్లెం పిడికెడు బరువుంది, సరిసెయ్యండి' అన్నారు. ఆ పిడికెడూ అప్పుడే ఈయన నెత్తి మీద కుమ్మరించాల్సింది నాను" అంటారావిడ, విన్నవాళ్లకీ విననివాళ్లకీ.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది తేజస్వి. ప్రద్యుమ్న భార్య, లెక్కల టీచరు. ఆమెకి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి అన్విత అని పేరు పెట్టారు. ఆ పందిట్లోనే గిరిసోల నుంచి వచ్చిన పెద్దత్త తేజస్విని కిందనుంచి పైదాకా చూసి, ఒక మాట వదిలింది.

"ఏటే తేజూ, ఒకత్తిని బయటికి పంపేసి, ఇంకొకర్ని లోపలే ఉంచేసేవేటి?"

పందిరంతా నవ్వింది. తేజస్వి పాయసం గ్లాసు కింద పెట్టేసింది. "నాలుగు నెలలు తిరిగేసరికి నా పెళ్లినాటి జాకెట్టు తొడుక్కుని మీ ఇంటికొస్తాను, సూడండి" అంది. నలుగురిలో అన్న మాట. ఫోన్లో కేలరీల లెక్క దించుకుంది. పొద్దుటి ఫలహారం బదులు స్మూతీ అని తేల్చింది: అరటిపండు వంద గ్రాములు, ఓట్సు ఇరవై, వెన్న తీసిన పాలు గ్లాసుడు. వెరసి రెండొందల నలభై కేలరీలు.

మర్నాడు పొద్దున్నే మామగారి దగ్గరకి చీటీ పట్టుకెళ్లింది.

"మావయ్యా, నా చేతికి తూకం రాదు. మీరైతే పొల్లు పోదు."

"ఈ కేలరీ అంటే ఏటమ్మా?"

"తిన్నదాంట్లో ఎంత బలముందో దాని తూకం."

"బలానికి తూకమా!"

కాసులు గారు కుర్చీలో కూలబడ్డారు. నలభై రెండేళ్లు ఊళ్లో ఉన్నవన్నీ తూచేశాననుకున్నారు పాపం. తూచాల్సింది ఇంకొకటి మిగిలిపోయిందని ఆ రోజే తెలిసింది. మధ్యాహ్నానికల్లా కొట్లోని చిన్న ఎలక్ట్రానిక్ కాటా వంటింట్లో వెలిసింది.

ఇక చూడాలి. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, అరటిపండు ఒలిచి కాటా మీద పెట్టేవారు. నూట మూడు గ్రాములని చూపించేది. చాకుతో కొన కోసేవారు.

"ఒరే పెద్దుమ్నా, ఇటురా. మూడు గ్రాములు. తినీ."

"నాకొద్దు నాన్నా."

"రెండున్నర కేలరీలురా, నువ్వేం సెడిపోవు."

ఆ నెలలో ప్రద్యుమ్న తిన్న కొసలన్నీ అతికిస్తే ఒక గెల అయ్యుండేది.

"బాలింతకి జావ పోస్తారేటండీ? సెంచాడు నెయ్యెయ్యండి" అనేవారు నీలమ్మ గారు.

"నెయ్యి సెంచా నలభై ఐదు. సీటీలో లేదు."

"సీటీలో నాను కూడా లేను, మరి ఇంట్లో ఉండమంటారా ఎల్లిపోమంటారా?"

అక్కడితో ఆగితే కాసులు గారెందుకవుతారు! పెళ్లి భోజనాలకెళ్తే పక్క విస్తరి చూసి కొడుకు చెవిలో, "ఆయన్ని సూడు, పదమూడొందలయ్యింది, ఇంకా గారె అడుగుతన్నాడు" అనేవారు. కొట్లో ఎవరైనా అరకేజీ జీడిపప్పడిగితే పొట్లం కట్టి, "రెండు వేల ఎనిమిదొందలు. మీ ఇంట్లో ఎంతమందండీ?" అని విచారించేవారు.

"ఆజ్ఞా, మీ కాటా ఇప్పుడు కడుపులోకి కూడా సూస్తందేటి?" అని ఒక ఒడియా మాస్టారు, తమ మర్యాద మాట 'ఆజ్ఞా' వదలకుండా తెలుగులోనే అడిగి, జీడిపప్పు పావుకేజీకి తగ్గించుకుని వెళ్లిపోయాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆదివారాలు ఒక ఎత్తు. ప్రతి ఆదివారం పొద్దున్న పిల్లని కొట్టుకి తీసుకెళ్లి, వెదురు తట్టలో తువ్వాలు పరిచి పడుకోబెట్టి తూచేవారు. తట్టకీ తువ్వాలుకీ తరుగు తీసేసి, తాతగారు గంటకొట్టినట్టు చదివేవారు. "నూట డెబ్బై పెరిగింది!" బజారంతా వినేది. రెండు నెలలు అలాగే సాగింది.

మూడో నెలలో ఒక ఆదివారం యాభై పెరిగింది. తర్వాతి ఆదివారం నలభై. ఆ తర్వాత ముప్పై. ఆ రోజు కాసులు గారు అంకె చదవలేదు. పిల్లని ఎత్తి, కాటా పళ్లెం తుడిచి, మళ్లీ పెట్టారు. అదే అంకె. మళ్లీ తుడిచారు. కాటాని ఆయన నమ్మకపోవడం ప్రద్యుమ్న చూడ్డం అదే మొదలు.

డాక్టరమ్మ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్లకి ఏ రోగమూ లేదు, తల్లి తిండి చాలడం లేదంది. "పాలిచ్చే మనిషివి. రోజుకి ఇంకో నాలుగొందల కేలరీలు తినాలి. బరువు మెల్లగా దానంతటదే తగ్గుతుంది" అంది. తేజస్వి బుద్ధిగా తలూపింది.

మర్నాడు పొద్దున్న, "మావయ్యా, ఇంకో పండు వెయ్యండి" అంది కూడా. ఆయన ఆనందంగా వేశారు. అంకెలు కలిపి మూడొందల ముప్పై అన్నారు. తేజస్వి ఆ అంకె విని, చెయ్యి గ్లాసు దాకా వెళ్లి, ఆగిపోయింది.

"ఇవాళ్టికి పాతదే ఇయ్యండి. రేపట్నుంచి తాగుతాను."

అలాంటి రేపులు నాలుగు వచ్చాయి. నాలుగు రోజులూ తీసేసిన పండు ప్రద్యుమ్న తిన్నాడు.

ఆ తర్వాత స్మూతీ రెండొందల నలభై దగ్గరే నడిచింది. చిత్రమేమిటంటే ఆదివారం నాటికి పిల్ల నూట పది పెరిగింది. పై ఆదివారం నూట అరవై. నీలమ్మ గారు అమ్మవారి మొక్కు పనిచేసిందన్నారు. ప్రద్యుమ్న డాక్టరమ్మ ఇచ్చిన చుక్కల మందు అన్నాడు. ఎప్పుడూ అన్నిటికీ లెక్క చెప్పే కాసులు గారు మాత్రం కిటికీలోంచి బయటికి చూశారు.

ఒకరోజు పొద్దున్న ఆరింటికి ప్రద్యుమ్న మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తండ్రి అటు తిరిగి ఉన్నారు. కాటా మీద మిక్సీ గిన్నె ఉంది. ఆయన చొక్కా జేబులోంచి ఇత్తడి తూకంరాళ్లు రెండు తీశారు, యాభైదొకటి, ఇరవైదొకటి. చప్పుడు కాకుండా గిన్నెలో పెట్టి మీట నొక్కారు. కాటా సున్నా చూపించింది. రాళ్లు తీసి జేబులో వేసుకున్నారు; కాటా సున్నాకి డెబ్బై కిందికి దిగింది. బియ్యం డబ్బా వెనకనుంచి జీడిపప్పూ గింజ తీసిన ఖర్జూరాలూ తీసి, కాటా మళ్లీ సున్నాకి వచ్చేదాకా ఒక్కొక్కటే వేశారు. ఆఖరి జీడిపప్పు ఎక్కువైందేమో, గోటితో రెండు ముక్కలు చేసి సగం వేశారు.

మనిషి దొంగతూకం వేస్తూ కూడా గ్రాము తప్పడం లేదు.

"నాన్నా! ఇదేటి?"

కాసులు గారు ఉలిక్కిపడి గిన్నెకి అడ్డం నిలబడ్డారు. "నెమ్మదిగా మాట్లాడు."

"దొంగతూకమా!"

"ఆ మాట నా ఇంట్లో అనకు! నోటితో ఒక్క అబద్ధమాడేనేటి? సున్నా అని కాటా సెప్తంది. కాటా సెప్పిందే నాను సెప్తన్నాను."

"కాటాకి అబద్ధం నేర్పిందెవరు మరి?"

కాసులు గారు కాసేపు ఖర్జూరం డబ్బా మూత బిగించారు, విప్పారు, మళ్లీ బిగించారు.

"జీడిపప్పు రెండొందల ఎనభై. ఖర్జూరం అరవై. వెన్న తియ్యని పాలు పోస్తన్నాను, దానికో అరవై. సరిగ్గా నాలుగొందలు, డాక్టరమ్మ సెప్పినట్టే. నలభై రెండేళ్లలో ఎవరికీ ఇలాగ సెయ్యలేదురా. పొద్దున్న దీపం ఎలిగించి దేవుడి పాదాలు సూసి వచ్చేస్తన్నాను. పైకి సూడ్డం లేదు."

అప్పుడే లోపలి గదిలోంచి, పిల్లకి పాలిస్తున్న తేజస్వి గొంతు వినిపించింది. "ఎంతయ్యింది మావయ్యా?"

"ఇంకా సున్నా అమ్మా! ఇదిగో, పండు ఏస్తన్నాను!" కొడుకు చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు. "దానికి సెప్పకు. సెప్తే మానేస్తాది. పిల్ల నోరు ఎండిపోతాది."

ప్రద్యుమ్న ఆ మాట కడుపులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాడు. చెప్తే పిల్ల పాలు పోతాయి. చెప్పకపోతే భార్య కళ్లకి గంతలు కట్టిన వాళ్లలో తనూ ఒకడు. మూడో రోజుకి అతనికి పప్పూ ఉప్పూ ఒకేలా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, పిల్ల గుడ్డలు మడతపెడుతున్న తేజస్వి పక్కన కూర్చుని ఒక లంగోటీ అందుకున్నాడు.

"తేజూ, ఒకటి సెప్తాను, కోప్పడకు. నాన్న తూకం..."

"సెప్పొద్దు."

"ముందు వినవే."

"జీడిపప్పు సంగతేనా?"

ప్రద్యుమ్న చేతిలోని లంగోటీ జారిపోయింది. "నీకెలా తెలుసు?"

"అరటిపండూ ఓట్సూ కలిపితే అంత చిక్కగా వస్తాదేటండీ? రెండో రోజే తెలిసింది. 'ఏటి మావయ్యా, ఇంత కమ్మగా ఉంది' అంటే, 'ఓట్సు నాణ్యం తల్లీ' అన్నారు. అంటా చెమటలు తుడుచుకున్నారు."

"మరి తాగుతున్నావేం?"

తేజస్వి మడతపెట్టిన గుడ్డే మళ్లీ విప్పి మడతపెట్టింది. "అంకె వినబడితే నా చెయ్యి ఆగిపోతందండి. తాగాలని నాకూ ఉంది. పిల్ల తూకం సూసి నాకు మాత్రం భయం లేదేటి? అయినా ఆగిపోతంది. ఆయన ఆ అంకె వినబడనియ్యకుండా పోస్తన్నారు. కళ్లు మూసుకుని తాగేస్తన్నాను."

"ఒక మాట ఆయనకి సెప్పేయరాదూ? దేవుడి మొహం సూడలేకపోతన్నాడు."

"ఎలాగ సెప్పమంటారు? 'మావయ్యా, మీ తూకం తప్పు' అని నా నోటితో అనమంటారా? ప్రాణం పోదూ ఆయనకి!"

అది నిజమే. ఆ ఒక్క మాటా బరంపురంలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"మరి జాకెట్టు? నాలుగు నెలలన్నావు కదా, పెద్దత్త ముందు."

"నాలుగు నెలలన్నాను గానీ ఏ నాలుగు నెలలో అనలేదు" అంది లెక్కల టీచరు.

ఆ పై ఆదివారం తేజస్వి కూడా కొట్టుకొచ్చింది. పప్పుల కోసం ఏడెనిమిదిమంది నిలబడి ఉన్నారు. కాసులు గారు అందరినీ ఆపి తట్ట పెట్టారు, తువ్వాలు పరిచారు, తరుగు తీశారు, పిల్లని పడుకోబెట్టారు. పిల్ల కాళ్లు తన్నుకుంది. అంకెలు ఎగిరాయి, దిగాయి, నిలిచాయి.

"ఐదు కేజీల తొమ్మిదొందల ఎనభై!" అన్నాడు ప్రద్యుమ్న.

కాసులు గారు అంకె వంక చూశారు. ఇరవై గ్రాములు. ఇరవై గ్రాములైతే ఆరు కేజీలు.

"పాలెప్పుడిచ్చేవమ్మా?"

"ఇంటి దగ్గర తెల్లారి ఇచ్చేను మావయ్యా."

"అయితే లోపలికెల్లి ఇచ్చీ. మేం ఆగుతాం."

కొట్టు వెనక గదిలోకి తేజస్వి పిల్లని తీసుకెళ్లింది. తెర పడింది. కాసులు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వచ్చినవాళ్లూ సంచులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో తొందరగా ఉందన్నారు. "ఆరు నిండబోతంది, ఏటండీ మీ తొందర!" అని పక్కావిడే కసిరింది. బజారులో పాప పాలు తాగడానికి అంతమంది క్యూ కట్టడం మునుపెన్నడూ లేదు.

పావుగంటకి తెర తొలగింది. పిల్ల మూతి తుడిచి తట్టలో పడుకోబెట్టారు. ఈసారి కాళ్లు తన్నలేదు, నిద్రపోతోంది. అంకె ఒక్కసారికే నిలిచింది.

"ఆరు కేజీల అరవై!" అని కాసులు గారు అరిచారు. అరిచాక నాలిక్కరుచుకుని, పిల్ల లేస్తుందేమోనని చెయ్యి అడ్డం పెట్టారు. కొట్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు.

"అరవై గ్రాములు ఎక్కువొచ్చింది నాన్నా" అన్నాడు ప్రద్యుమ్న, మొహం మామూలుగా పెట్టి. "తీసేద్దామా?"

కాసులు గారు కొడుకునీ చూడలేదు, కాటానీ చూడలేదు. కోడల్ని చూశారు. ఆమె ఎటో చూస్తూ నవ్వాపుకుంటోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఉండనీరా" అని, గొంతు సవరించుకుని, వెంటనే జనం వైపు తిరిగారు. "ఊఁ, ముందెవరండీ? కందిపప్పా?"