అక్క కోటు వేసుకున్న సీజన్

తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షలో మా మేష్టారు నా పేపరు మీద సున్నా వేసి, దాని చుట్టూ మళ్ళీ ఇంకో గుండ్రం చుట్టారు. పక్కన ఎవరైనా ఒకటి పెట్టి పది చేసేస్తారని భయం కాబోలు. ఆ ఎవరైనా నేనేనని ఆయనకి తెలుసు. ఆ ఏడాదే బడి మానేసి గరిటె పట్టుకున్నాను. అలాంటివాణ్ణి నలభై దగ్గరపడ్డాక టెక్సస్‌లో, ప్లేనోలో, ఒక మైదానం చివర నిలబెట్టి, తెల్ల కోటు తొడిగి, చేతికి పెన్సిలిచ్చి "స్కోరు నువ్వే రాయాలి" అన్నారు. పెన్సిలిచ్చింది మా బావ. కోటు మా అక్కది.

ఆట ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. బంతి మనం పప్పులో వేసే దోసకాయలా ఉంటుంది. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండూ పొడుగువి, అటొకటి ఇటొకటి పొట్టివి. పొడుగువాటి మధ్య నుంచి బంతి పోతే గోల్, ఆరు పాయింట్లు. పొడుగుదానికీ పొట్టిదానికీ మధ్య నుంచి పోతే ఒకటే పాయింటు. పొడుగు స్తంభానికి బంతి కాస్త రాసుకున్నా చాలు, లోపల్నుంచే పోయినా సరే, ఇక ఒకటే. గురి తప్పినవాడికి కూడా ఒక మార్కిచ్చే చోటు ప్రపంచంలో ఉందని ముందే తెలిసుంటే నేను బడి మానేవాణ్ణి కాదు.

ఆ స్తంభాల దగ్గర తీర్పు చెప్పేవాణ్ణి గోల్ అంపైర్ అంటారు. గోలైతే రెండు జెండాలు ఊపాలి, పాయింటైతే ఒక్కటి. అవతలి చివర నిలబడ్డ ఇంకో అంపైరు కూడా అన్నే జెండాలు ఊపి, చూశాను, రాసుకున్నాను అని జవాబివ్వాలి. అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్ళే తక్కువ, ఇక అంపైర్లని ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని ప్రతి జట్టూ తనవాళ్ళలో ఒకర్ని తెచ్చుకోవాలి. అంటే మనవాడు తన్నిన బంతి మీద మనమే తీర్పు చెప్పాలన్నమాట. మా బావ జట్టుకి ఎనిమిదేళ్ళపాటు ఆ తీర్పు చెప్పింది మా అక్క.

బావ చదువుకి మెల్‌బోర్న్ వెళ్ళి ఈ ఆట పిచ్చి అంటించుకున్నాడు. పెళ్ళయి అక్క కూడా వెళ్ళాక, చలిలో గట్టు మీద వణుక్కుంటూ కూర్చోలేక, "ఊరికే కూర్చునే బదులు ఆ జెండాలేవో ఇటివ్వండి" అని అడిగి తీసుకుందట. ఉద్యోగం ప్లేనోకి మారినా పిచ్చి మారలేదు. వాళ్ళకి పిల్లలు లేరు. శనివారాలున్నాయి.

పోయిన డిసెంబరులో అక్క పోయింది. తలనొప్పని హాస్పిటల్‌కి వెళ్ళిన మనిషి మూడు వారాల తర్వాత కూడా ఇంటికి రాలేదు, ఇక రాదని చెప్పారు. మా పోటీలో రెండు డివిజన్లు. పైదానిలో నాలుగు జట్లు, కిందదానిలో ఐదు. కింద మొదట వచ్చిన జట్టు మరుసటి ఏడాది పైకి వెళ్తుంది. బావ జట్టు ఎనిమిదేళ్ళుగా కిందే ఉంది. హాస్పిటల్ మంచం మీద అక్క, "ఈసారైనా పైకెక్కండి. కింద డివిజన్‌లో ఊపి ఊపి నా చేతులు పడిపోయాయి" అంది. తను నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. నెల తిరక్కుండా డాక్టరు బావ మోకాలి ఎక్స్‌రే చూసి, ఇంకో సీజన్ ఆడితే ఆడు, ఆ తర్వాత నడవడమే గొప్ప అన్నాడు. అంటే అక్క అడిగింది జరిగితే ఈ ఏడాదే జరగాలి.

మార్చిలో ఒక మధ్యాహ్నం నేను వంట చేసే రెస్టారెంటు వెనక తలుపు దగ్గరికి బావ వచ్చాడు. చేతిలో మడత పెట్టిన తెల్ల కోటు.

"వేసుకో."

"ఏంటి బావా, నన్ను డాక్టర్ని చేస్తున్నావా?"

"వేసుకోరా."

వేసుకున్నాను. చేతులు మోచేతుల కింద ఆగిపోయాయి. బొత్తాం పెడితే ఊపిరాడదు, ఊపిరి పీలిస్తే బొత్తాం ఆగదు.

"ఇది కోటా, దిండు గలీబా బావా?"

"మీ అక్క నీలో సగం ఉండేది. బొత్తాలు పెట్టకు."

జేబులో చెయ్యి పెడితే ఒక పిన్నీసు, సగం అరిగిన పెన్సిలు, నాలుగు మడతల కార్డు దొరికాయి. పోయిన ఏడాది చివరి మ్యాచి కార్డది. ఎడమ గడిలో గోల్స్, కుడి గడిలో పాయింట్లు, అన్నీ నిలువు గీతలు. కొన్ని గీతల పక్కన సన్నగా చుక్క.

"ఈ చుక్కలేంటి?"

"నేను తన్నినవి."

"అన్నీ కుడివైపే ఉన్నాయేంటి బావా? ఒక్కటైనా ఎడమవైపు పడలేదా?"

"మీ అక్కనడుగు," అన్నాడు, అలవాటుగా.

నేను కార్డు మళ్ళీ నాలుగు మడతలు పెట్టాను. "లోపల ఏదో మాడుతోంది, చూసుకో" అని వెళ్ళిపోయాడు. ఏదీ మాడటం లేదు.

శనివారం పొద్దున్నే కారులో తీసుకెళ్ళేవాడు. స్తంభాలంటే పెద్దగా ఊహించుకోకండి, ప్లంబింగ్ సామాన్ల షాపులో దొరికే తెల్ల ప్లాస్టిక్ గొట్టాలే. ముక్కలుగా కారు మీద కట్టుకుని వెళ్ళి, అక్కడ బిగించుకుని, ఆటయ్యాక ఊడదీసుకుని తెచ్చుకోవాలి. మొదటి రోజు ముందు సీట్లో కూర్చుంటే మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి. అక్క పొట్టిది, సీటు ముందుకి జరిపి ఉంది. వెనక్కి జరుపుదామని కింద చెయ్యి పెట్టాను.

"జరపకు," అన్నాడు బావ.

అంతే. మార్చి నుంచి అక్టోబరు దాకా మడతమంచంలా ముడుచుకుని కూర్చున్నాను. మోకాలు బావది పోయిందని అందరికీ తెలుసు. నా మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

మొదటి మ్యాచిలో పాయింటుకి రెండు జెండాలు ఊపేశాను. అవతలి చివర అంపైరు జవాబివ్వకుండా చేతులు దించుకుని నిలబడ్డాడు. మా కెప్టెన్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్లంబరు, నోరు కాస్త పెద్దది. పరుగున వచ్చి, "మీ అక్క కళ్ళు నీకు రాలేదా?" అన్నాడు. "కళ్ళు ఆమె తీసుకుంది, పొట్ట నేను తీసుకున్నాను, సమానంగానే పంచుకున్నాం" అన్నాను. వాడు నవ్వాడు. నేను వెనక్కి తిరిగి పెన్సిలు కింద పడ్డట్టు వంగి కాసేపు వెతికాను.

తర్వాత నేర్చుకున్నాను. ఎండకి గొట్టాలు ముట్టుకుంటే చురుక్కుమనే రోజుల్లో కూడా వెళ్ళాను. మా చివర జెండా ఊపి తలెత్తితే, మైదానం అవతల ఒక చిన్న తెల్ల మనిషి అదే జెండా ఊపుతాడు. మొహం కనబడదు, గొంతు వినబడదు. ఊపాడంటే నేను చెప్పింది అందినట్టు. ఒక్కోసారి ఎండలో ఆ తెల్ల కోటు కాస్త పొట్టిగా కనబడేది. అప్పుడు అవసరానికి మించి ఇంకోసారి ఊపేవాణ్ణి. అవతలివాడు పాపం, తనేదో తప్పు చేశాననుకుని మళ్ళీ ఊపేవాడు.

బావ అక్క మాట ఎత్తేవాడు కాదు. శనివారం ఫోన్‌లో "కోటు తెచ్చుకో" అనేవాడు, అంతే. నేను జోకులు వేస్తుంటే విని ఊరుకునేవాడు. కానీ ఆ మోకాలితోనే పరిగెత్తాడు. జట్టు గెలుస్తూ వచ్చింది. అక్టోబరులో ఆఖరి మ్యాచి మిగిలింది. గెలిస్తే పై డివిజన్.

ఆట ముగియడానికి నిమిషం ఉందనగా మావాళ్ళు ఐదు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బావ గాల్లోకి ఎగిరి బంతి పట్టుకున్నాడు. కింద పడకుండా పట్టినవాడికి నిలబడి నిదానంగా తన్నే హక్కుంటుంది. ఈలోగా హారన్ మోగింది. అయినా ఆ ఒక్క తన్ను మిగిలే ఉంటుంది. గోలైతే ఒక్క పాయింటుతో గెలుస్తాం. బావ నా చివరకే తిరిగి నిలబడ్డాడు.

నాలుగడుగులు కుంటుతూ వచ్చి తన్నాడు. బంతి పైకి లేచి, గాలికి ఎడమకి వంగి, నా తల మీదుగా పొడుగు స్తంభాల మధ్య నుంచే పోయింది. పోతూ పోతూ ఎడమ గొట్టాన్ని రాసుకుంది. టప్. కందిపప్పులో పులుసు బొట్టు పడినంత చప్పుడు.

ఎవరికీ వినబడలేదు. మావాళ్ళు అప్పటికే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుస్తున్నారు. నా పక్కనున్న అవతలి జట్టువాడు తల దించుకుని వెళ్ళిపోతున్నాడు. గొట్టం మీద సీజనంతా పడ్డ ఎర్ర బంతి మరకలు పదో పన్నెండో ఉన్నాయి. అందులో ఇవాళ్టిది ఏదో ఎవరు చెప్పగలరు? మైదానం మధ్యలో ఆట నడిపించే పెద్ద అంపైరు నా వైపు చూసి, ఇక నువ్వు చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను బావ వైపు చూశాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, తల మాత్రం ఎత్తి, నన్నే చూస్తున్నాడు. డిసెంబరు తర్వాత ఆ మొహం నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఒక్క వేలు చూపించాను. ఒక్క జెండా ఊపాను. దూరంగా తెల్ల మనిషి ఒక్క జెండా ఊపాడు. కార్డులో కుడివైపు గీత గీసి, పక్కన చుక్క పెట్టాను. పెన్సిలు గట్టిగా ఒత్తానేమో, చుక్క కాస్త పెద్దదైంది.

కెప్టెన్ వచ్చి అన్న మాటలు ఇక్కడ రాయను, సగం నాకు అర్థం కాలేదు కూడా. బావ కుంటుకుంటూ వచ్చాడు. కెప్టెన్ భుజం మీద చెయ్యివేసి పక్కకి జరిపి, వంగి గొట్టాలు ఊడదీయడం మొదలుపెట్టాడు. ముందు ఎడమదే తీశాడు.

కారెక్కాం. నేను ఎప్పట్లాగే ముడుచుకున్నాను. కోటు ఒళ్ళో పెట్టుకున్నాను. రోడ్డు మీదికి వచ్చాక బావ ముందుకే చూస్తూ, "సీటు జరుపుకో," అన్నాడు.

"వద్దులే బావా. అలవాటైపోయింది."

రెండు సిగ్నళ్ళు దాటాం. నా నోరు ఊరుకోదుగా.

"అక్కైతే రెండూ ఊపేసేది బావా. ఆమె అడిగిందే కదా. నేనే..."

బావ ఫక్కున నవ్వాడు. నవ్వి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"మీ అక్కా? ఒక్కటే ఊపేది. నీలాగా ముందు నా మొహం చూసేది కూడా కాదు."