అంకె చూడని మీటరాయన

కరెంటు మీటర్లు చదవడమే ఉద్యోగమైన మనిషికి, తన బండి ఎన్నో గేరులో ఉందో చూపించే అంకె అంటే మాత్రం ఒళ్ళు మంట. ముప్పై ఒక్క ఏళ్ళుగా మెట్ల కిందా తలుపుల వెనకా, సాలెగూళ్ళ మధ్యా ఉన్న మీటర్ల ముందు వంగి అంకెలు రాసుకున్నవాడు కనక వీధివీధంతా ఆయన్ని మీటరాయన అనే పిలిచేది. ఆయన రాసిన అంకె తప్పని ఏ ఇల్లాలూ వేలు చూపించింది లేదు. అలాంటి మనిషికి గర్వం ఉండడంలో వింత లేదు. ఆ గర్వంలో సగం ఉద్యోగానిదైతే, సగం బండిది.

బండి పాతది, నాలుగు గేర్లది. న్యూట్రల్‌లో ఉంటే చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.

ఒకరోజు మెకానిక్కు షెడ్డులో ఆయన చైను బిగింపు కోసం కూర్చుని ఉండగా లెక్కల టీచరు కొత్త బండి తెచ్చింది. దాని ముందు పలకలో గేరు అంకె ఎర్రగా వెలుగుతోంది.

“ఎంత హాయిగా ఉందోనండీ. మూడులో ఉన్నానా, నాలుగులో ఉన్నానా అని తడుముకోనక్కర్లేదు,” అందామె.

“తడుముకునేవాళ్ళకి కావాలమ్మా అది,” అన్నాడు మీటరాయన. “ఇంజను నోరు విప్పి చెప్తూనే ఉంటుంది. మూడోదానికొక గొంతు, నాలుగోదానికొక గొంతు. ఇంట్లో ఎవరు దగ్గారో తెలుసుకోడానికి తొంగి చూస్తామా ఏమిటి?”

మెకానిక్కు చైను మీంచి తల ఎత్తలేదు. “ముప్పై ఏళ్ళు నడిపినవాడికి చెవి ఉంటుంది, ఒప్పుకుంటానన్నా. కానీ ఆ చెవికీ ముప్పై ఏళ్ళు నిండుతాయి కదా.”

“నా చెవి సంగతి నీకెందుకు, నా చైను సంగతి చూడు.”

అప్పటికి ఆయన భార్య ఊళ్ళో లేక నెల దాటింది. ఆవిడది కుట్టుపని, అందరికీ టైలరమ్మ. ముందు గదిలో కిటికీ పక్కన మోటారు బిగించిన మిషను, గోడకి కత్తెరలు, పెట్టె నిండా గుండీలు. కొండ అవతలి ఊళ్ళో ఉన్న చెల్లెలు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే, చేసిపెట్టే దిక్కు లేదని వెళ్ళింది. బస్సెక్కుతూ ఒక్క మాట మరీమరీ చెప్పింది. “మీరు మాత్రం ఆ కొండ దారిన ఒక్కరూ బండి మీద రాకండి. రావాలంటే బస్సులో రండి.”

ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. ఆ దారిన ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళలేదు? బస్సెక్కడానికి పౌరుషం అడ్డం, బండి మీద వెళ్ళడానికి మాట అడ్డం. రెంటి మధ్యా పడి వెళ్ళనే లేదు. పొద్దున్నే కిక్కు కొట్టి, ఆవిడ బజారుకని వెనక ఎక్కి కూర్చునేదాకా ఆగడం పాతికేళ్ళ అలవాటు. ఇప్పుడూ ఆగేవాడు. ఎదురింటివాళ్ళు చూస్తున్నారని తోచగానే ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని కదిలేవాడు. సాయంత్రం మిషను మీద కప్పిన దుప్పటి తీసి దుమ్ము దులిపేవాడు. మిషను కింద సగం కుట్టిన చిన్నపిల్ల గౌను, గుండుసూదులతో సహా, అలాగే ఉంది. దాన్ని మడతపెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

ఆవిడ వెళ్ళిన పక్షానికి ఆఫీసులో ఆయనకి ఊరి బయట కొత్త కాలనీలు అప్పగించారు. అంతవరకూ తిరిగింది సందుల్లో. ఒకటో గేరు, రెండో గేరు, దిగు, రాసుకో, ఎక్కు. మూడూ నాలుగూ కావాల్సి వచ్చేది ఆదివారం ఇద్దరూ కాలవ గట్టు మీద షికారుకి పోయినప్పుడే. ఇప్పుడు రోజూ పొడవాటి రోడ్డు. ఆ రోడ్డెక్కాక బండికి తిక్క పుట్టింది. పెట్రోలు తాగేస్తోంది, ఇంజను పెనంలా కాలుతోంది. లేని అయిదో గేరు కోసం కాలు వెతుక్కుంటోంది. “మీ బండి గోలకి మా పాప ఉలిక్కిపడి లేస్తోందండీ,” అని కాలనీలో ఒకావిడ మొహం మీదే అనేసింది.

ఒక మధ్యాహ్నం రైలు వంతెన కింద మలుపులో, నాలుగులో ఉన్నాననుకుని ఒక గేరు తగ్గించాడు. బండి ఉన్నది రెండులో. ఒకటోదాంట్లో పడి వెనక చక్రం పట్టేసింది, బండి పాములా మెలికలు తిరిగి గోడని రాసుకుని ఆగింది. మోచెయ్యి గీరుకుపోయింది. రీడింగు కాగితాలు ఎగిరిపోతే, దారినపోయేవాళ్ళు ఏరి ఇచ్చారు.

“క్లచ్చు పోయింది,” అన్నాడు నేరుగా షెడ్డుకి తోసుకెళ్ళి.

మెకానిక్కు రెండు చుట్లు తిప్పి వచ్చాడు. “వెన్నలా ఉంది. నువ్వు నడుపన్నా, నేను వెనక కూర్చుంటా.”

రోడ్డెక్కిన కాసేపటికి మెకానిక్కు ఆయన చెవి దగ్గరికి వంగి అడిగాడు. “గేరు మార్చవా?”

“మూడులోనే ఉన్నాగా.”

“రెండులో ఉన్నావు. గగ్గోలు పెడుతోంది. వినపడట్లేదూ?”

మీటరాయన బండి పక్కకి ఆపాడు. హ్యాండిలు పట్టుకుంటే చేతికి తెలిసే ఇంజను వణుకు ముప్పై ఏళ్ళుగా మామూలైపోయి, చెయ్యి దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. ఇక మిగిలింది చెవి.

“మూడు నెలల క్రితం కాలవ గట్టున వదినమ్మతో పోతూ నా పక్కనుంచే దాటావు,” అన్నాడు మెకానిక్కు. “గేరు ఎంత చక్కగా మార్చావని. వదినమ్మ వెళ్ళాకే బండి చెడిందంటే, మరమ్మతు నా చేతుల్లో లేదన్నా.”

నవ్వించడానికే అన్నాడు. కానీ ఆ మాట మీటరాయన వెంట ఇంటిదాకా వచ్చింది. కుర్చీలో కూర్చుని, ఆవిడ వెనకుండగా తను గేరు ఎప్పుడెప్పుడు మార్చాడో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ భుజం మీద ఆవిడ చెయ్యి ఉంది.

ఫోను ఆయన ఎప్పుడూ కిటికీ గట్టు మీద స్పీకరు పెట్టి మాట్లాడేవాడు. గదిలో సిగ్నలుండదని చెప్పేవాడు. ఆ సాయంత్రం కూడా అలాగే చేశాడు గనక, వీధిలో సగం మంది ఆకుకూర ఏరడం ఆపి విన్నారు.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. వెనక కూర్చున్నప్పుడు నా భుజం నొక్కేదానివి, ఎందుకు?”

“ఇప్పుడదెందుకు గుర్తొచ్చింది?”

“నువ్వు చెప్పు. భయమేసి అనుకున్నాను. ఒక్కోసారి... ప్రేమ అనుకున్నాను.”

టైలరమ్మ నవ్వింది. “ప్రేమైతే గోతుల దగ్గరా ఎత్తుల దగ్గరా చూసుకుని పుడుతుందా? బండి గోల పెడితే ఒకసారి నొక్కేదాన్ని, పైకి మార్చేవారు. గునిసి ఆగిపోయేలా ఉంటే రెండుసార్లు నొక్కేదాన్ని, కిందికి తెచ్చేవారు. మూడేళ్ళయింది ఈ కథ.”

“ఒక్కసారైనా చెప్పలేదే.”

“చెప్తే ఒప్పుకునేవారా? మీకు తెలియకుండానే మీ చెయ్యీ కాలూ వింటున్నాయి కదా, చాల్లే అనుకున్నా. సూది మందం గుడ్డలో ఇరుక్కోబోతే నాకు మోటారు చప్పుడులోనే తెలుస్తుంది. మీ బండీ అంతే. అందుకే ఒక్కరూ రావద్దన్నాను.”

ఆయనకి సిగ్గు వేయాల్సింది. వేసింది కూడా, కాస్త. దానికన్నా ఎక్కువగా, మూడేళ్ళ పాటు ఆ చెయ్యి అన్ని మాటలు చెప్తుంటే ఒక్కటీ అర్థం చేసుకోకుండా హాయిగా కూర్చున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ ఆదివారాలన్నీ మళ్ళీ మొదటినుంచీ కావాలనిపించింది, ఈసారి తెలిసి.

“నేను అంకె పెట్టించుకుంటే రానిస్తావా?” అన్నాడు.

“మీరా?”

“నేనే.”

“ఊరందరి అంకెలూ చదివి, మీ అంకె చూసుకోడానికి ఇన్నాళ్ళు పట్టిందన్నమాట.”

“రానిస్తావా, లేదా?”

“ముందు చెవి డాక్టరుకి చూపించుకోండి. రెండూ అయ్యాక ఆదివారం పొద్దున్నే రండి. ఎండెక్కకముందే కొండ దాటాలి.”

డాక్టరు కొలిచి చూసి, కీచుమనే సన్నని చప్పుళ్ళు రెండు చెవులకీ అందట్లేదని, చెవి మిషను తెప్పించడానికి మూడు వారాలు పడుతుందని చెప్పాడు. గేరు అంకె పెట్టె మాత్రం ఒక్క పూటలో బిగిసింది. మెకానిక్కు వైర్లు కలిపినంతసేపూ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అదే మీటరాయనకి కష్టంగా తోచింది.

“అదే పనిగా దీన్ని చూస్తూ రోడ్డు మరిచిపోకన్నా. మార్చాక ఒక్క చూపు, అంతే.”

ఆదివారం తొమ్మిదికల్లా కొండ దిగాడు. మరదలు కిటికీ దగ్గర మంచం మీంచే పలకరించింది. “బావగారూ, నన్ను చూడ్డానికా, మా అక్కని ఎత్తుకుపోడానికా?”

“నీ కాలుని చూడ్డానికి. అది నడిస్తేగాని మీ అక్క కదలదు.”

“కట్టు విప్పినా ఇంకో నెలన్నర పట్టుకుని నడిపించాలట. తిట్టుకోకండి.”

తిట్టుకోలేదు గానీ, గ్లాసులో టీ చల్లారిపోయింది.

టైలరమ్మ కొంగున చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ముందు మోచేతి మీద మానుతున్న గాయం చూసింది. తరవాత అంకె పెట్టె చూసింది. “పదండి, నడిపి చూపించండి,” అని వెనకెక్కి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. వీధి చివర మలుపు తిరిగాక అడిగింది.

“ఎంత?”

“రెండు.”

“నేనూ అంతే అనుకున్నా. ఇప్పుడు?”

“మూడు.”

“సరిగ్గానే ఉంది.”

ఆ పేట చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. ఒక్క చుట్టు చాలు, పరీక్షకి. రెండోసారి కిటికీ ముందునుంచి పోతుంటే మరదలు, “పెళ్ళిచూపులా మీకు?” అని అరిచింది. ఆయనకి వినపడలేదు, ఆవిడ చెప్పనూ లేదు. నాలుగోసారి ఇంటి ముందు దిగి, చెంగు సర్దుకుంది.

“వచ్చే ఆదివారం?” అన్నాడు.

“రండి. ఆ గౌను తెండి, ఇక్కడ చేత్తో కుట్టేస్తా. పాపం ఆ పిల్ల పెరిగిపోతుంది.”

ఆయన కిక్కు కొట్టాడు. ఈసారి ఆగడానికి కారణం లేదు, అయినా ఆగాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

కొండ మొదట్లో గేరు మార్చి ఒక్క చూపు చూసి, “రెండు,” అన్నాడు పైకే. హెల్మెట్టులో ఆ మాట ఆయనకే బాగా వినపడింది. చదును వచ్చాక “మూడు,” అన్నాడు, కాస్త ఆగాడు, బదులు వస్తుందేమో అన్నట్టు. కొండ దిగి తిన్నని రోడ్డు మీద పడ్డాక “నాలుగు,” అన్నాడు. ఆ తరవాత చెప్పడానికి అంకె లేదు. ఇల్లు ఇంకా ముప్పై కిలోమీటర్లుంది.