కుట్లు విప్పిన గ్రంథం

మా ఉపదేశి పోయిన సంగతి నాకు పొద్దున, నేను పాఠాలు చెప్పే బడి దగ్గర తెలిసింది. నాపరాళ్ల గనిలో పనిచేసే కూలి ఒకతను బస్సు దిగి, తలగుడ్డ చేతిలో పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు.

"ఉపదేశయ్య లేడప్పా. దగ్గు నిలిచిపోయిందే, ఏందబ్బా అని ఇంట్లోవాళ్లు లేసి చూసినారంట" అన్నాడు.

నేను పలక కింద పెట్టాను. అతను ఇంకో మాట కూడా చెప్పాడు. పాదిరి అయ్యగారికి కబురు పోయిందనీ, ఆయన అందుకోలేకపోతే సమాధి దగ్గర వాక్యం తానే చదువుతానని మా సంఘ పెద్ద ముందుగానే చాటించాడనీ. ఆ మాట వినేసరికి వస్తున్న ఏడుపు వెనక్కి పోయింది.

ఈ మధ్య ఉపదేశిని గురించి మంచి మాటలు మీరు విని ఉంటారు. నమ్మకమైన దాసుడనీ, సంఘానికి దీపమనీ. అవి చెబుతున్నవాళ్లే ఆ దీపాన్ని ఊది ఆర్పిన వాళ్లు. అందుకని తెలిసినంత మేరకు నేనూ కొంచెం రాస్తున్నాను.

ఉపదేశి అంటే పాదిరి కాదు. అయ్యగారు తాలూకా ఊళ్లో ఉంటారు, నెలకొకసారి మా పల్లెకు వస్తారు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడపడం, చిన్నాపెద్దా అందరికీ అక్షరాలు నేర్పడం ఉపదేశి పని. మా పల్లెకు ఈయన రాకముందు ఇద్దరు ముగ్గురు వచ్చిపోయారు. వాళ్లు వాక్యాలు కంఠతా పట్టించారు. మేము గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లం. ఏడాదికొకసారి అయ్యగారు అడిగితే చెప్పి, బొమ్మల కార్డు తీసుకొని వచ్చేవాళ్లం. చెప్పినదాంట్లో ఏముందో మాకు తెలియదు. నేర్పినవాళ్లకు తెలుసునని కూడా నేను నమ్మను.

ఈయన వచ్చిన మొదటి ఆదివారం సంఘ పెద్ద ఒక కీర్తన అప్పజెప్పాడు. ఆయన గొంతు ఊరి బయటి కళ్లాల దాకా వినిపిస్తుంది. ఆయనను గురించి అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. అందరం ఆమేన్ అన్నాం.

ఉపదేశి మా వైపు తిరిగి, "ఏం విన్నారప్పా?" అని అడిగాడు.

ఆయనే మళ్లీ అన్నాడు:

"ఆమేన్ అంటే వేలిముద్ర ఏసినట్లు. ఏముందో తెలీకుండా వేలిముద్ర ఏసేవాన్ని ఊర్లో ఏమంటారు?"

"ఎర్రినాకొడుకు అంటారు" అన్నాడు మా నాయన, వెనక నుంచి. మా నాయన జీతగాడు. అట్లాంటి వేలిముద్రలు చాలా వేసి ఉన్నాడు. అందరూ నవ్వారు. సంఘ పెద్ద నవ్వలేదు. ఉపదేశికీ ఆయనకూ ఆరోజే చెడిందని నా అనుమానం.

గుడిలో ఒక బైబిలు గ్రంథం ఉండేది. దొరల కాలంలో ఇచ్చినది, ఇద్దరు పట్టి దించాల్సినంత బరువు. దాన్ని ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి బల్లమీద పెట్టేవాళ్లు. జ్వరమొచ్చిన బిడ్డ తలమీద పెట్టడానికీ, దొంగతనం అంటగట్టినవాడి చేత ప్రమాణం చేయించడానికీ తప్ప దాన్ని ముట్టేవాళ్లు కారు. పల్లెలో ఇంకెవరికీ గ్రంథం లేదు.

కర్నూలులో రాజధాని పెట్టిన ఏడు, జొన్న కోతలైనాక, ఉపదేశి దాన్ని ఇంటికి తీసుకుపోయాడు. చెప్పులు కుట్టే ఆరె తెచ్చుకొని, అరుగు అంచున కూర్చొని కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. గ్రంథంలోని అరవై ఆరు పుస్తకాలనూ దేనికి దాన్ని విడదీసి, మగ్గం నేసే మా మగ్గం అవ్వ ఇచ్చిన ముతక గుడ్డతో అట్టలు వేసి మళ్లీ కుట్టాడు. ఇంటికొకటి చొప్పున పంచాడు. చదవను రాని ఇంట్లో చదివిపెట్టే మనిషిని కూడా ఆయనే చూశాడు.

"గ్రంథాన్ని బట్టలో చుట్టి పండబెట్టేదానికి అది పసిబిడ్డ కాదప్పా. నడవనీండి దాన్ని" అనేవాడు.

ఊరికే పంచలేదు. గోడలు కట్టే ఇంటికి గోడలు కట్టిన నెహెమ్యా పోయింది. లేవీయకాండం ఎవరికీ వద్దంటే మగ్గం అవ్వకు ఇచ్చాడు. "నీ పడుగూ పేకా దీంట్లో ఉండాయి, చూసుకో" అన్నాడు. మా ఇంటికి యోనా వచ్చింది.

ఒక పుస్తకం ముగిసిన ఆకు వెనకే ఇంకొకటి మొదలవుతుంది కదా. ఆ ఆకులు చింపడానికి లేదు. మా వీధిలో ఇద్దరు తోడికోడళ్లు ఒక కోడిపెట్ట మీద మాటలు మానుకొని ఉన్నారు. చిన్నామెకు రూతు ఇచ్చాడు, పెద్దామెకు సమూయేలు. సమూయేలు మొదలు చిన్నామె దగ్గర ఉన్న ఆకు వెనక ఉంది. పెద్దామె నాలుగు దినాలు పళ్లు బిగబట్టి, చివరికి పోయి గడపలో నిలబడింది.

"ఆకు ఇయ్యి."

"ఆకు ఇచ్చేది లేదు. కూర్చోని చదివించుకోని పో."

ఆ ఆకులో ఉన్నది ఒకే మొగునికి ఇద్దరు పెండ్లాలు, ఒకరినొకరు దెప్పుకోవడం. చదువుతుంటే పెద్దామెకు నవ్వొచ్చిందట. "ఇది మన వీధే గదే" అన్నదట. ఆ ఆకు అట్లా పడింది గాలివాటుగా కాదని మాకు తర్వాత అర్థమైంది.

ఆదివారం సాయంత్రం ఒక ఇంటివాళ్లు తమ దాంట్లో ఏముందో చెప్పాలి. చదవకూడదు, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పాలి. ఎవరైనా ఎందుకని అడిగితే జవాబు చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. తెలియదన్నవాళ్లను ఆయన ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. తెలిసినట్లు మాట్లాడేవాళ్లను మాత్రం వదిలేవాడు కాదు.

మా వంతు వచ్చినప్పుడు నేను చదివిపెట్టింది విని మా నాయనే లేచి చెప్పాడు. "ఈ యోనా, ఊరు పాడైపోతాదని చెప్పి వచ్చినాడు. ఊరు బాగుపడింది. దానికి ఆ యప్ప పోయి చెట్టుకింద కూర్చోని ఏడిసినాడు. ఊరు బాగుపడితే ఏడ్చేటోన్ని యాడా చూడలేదబ్బా నేను."

"యాడా చూడలేదా? బాగా చూడు, దగ్గర్లోనే ఉంటాడు" అన్నాడు ఉపదేశి.

సంఘ పెద్ద లేచి వెళ్లిపోయాడు.

మగ్గం అవ్వ వంతుకు గుడి నిండింది. ముసలిది, పళ్లు లేవు, భయం లేదు. "గుడ్డకు మచ్చ పడితే ఏడు దినాలు మూసి పెట్టి చూడాలంట. మచ్చ పెద్దదైతే పడుగు గానీ పేక గానీ చూసేది లేదు, కాల్చేయాలంట. ఉపదేశయ్యా, కాల్చేది సరే. ఉండేది ఒక కోక. కాలిస్తే కొత్తది ఎవరిస్తారో రాసిండాదా?"

"లేదవ్వా. నాకూ తెలీదు. మనలో ఎవరు ముందు పోతే వాళ్లు పైన అడుగుదాం."

"నేనే ముందు పోతా గానీ, మతిమరుపు. నువ్వు గుర్తు పెట్టుకో."

ఆ మాట పల్లెలో ఏళ్ల తరబడి నడిచింది. ఎవరి పంచెకు చిరుగు పడినా, "కాల్చేయప్పా, ఉపదేశయ్య పైన అడిగి ఇప్పిస్తాడు" అనేవాళ్లు. లేవీయకాండం మీద నవ్వుకున్న సంఘం ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను. నవ్వాలంటే ముందు అర్థం కావాలి.

రెండో ఏడు కోతలకు పుస్తకాలు ఇండ్లు మార్చుకోవాల్సి ఉండగా, సంఘ పెద్ద అయ్యగారిని పిలిపించి పంచాయితీ పెట్టాడు.

"గ్రంథాన్ని చింపినావా?" అని అయ్యగారు అడిగారు.

"చింపలేదయ్యగారూ. కుట్లు విప్పినా. ఒక్క ఆకు పోలేదు."

సంఘ పెద్ద కండ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు. అవి ఆయనకు ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి. "మా తాతల నాటి గ్రంథం అయ్యగారూ! ఇన్నేండ్లలో దాన్ని తెరిచినోడు లేడు!"

"ఆ మాట నేను చెప్పలేదు. మీ నోటితో మీరే చెప్పినారు" అన్నాడు ఉపదేశి.

నోరు మూసుకొని ఉంటే ఉద్యోగం మిగిలేదేమో. అయ్యగారు చెడ్డవారు కారు. సాయంత్రం బస్సు అందుకోవాలనే తొందర తప్ప ఆయనకు వేరే అభిప్రాయం ఉన్నట్లు కనిపించలేదు. పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేయాలనీ, గ్రంథాన్ని మళ్లీ కట్టించాలనీ, ఉపదేశిని పనిలోనుంచి తీసేస్తున్నామనీ చెప్పి లేచారు. మూఢత్వం మీద వారు ఇచ్చే ప్రసంగాలు నేను తర్వాత కూడా విన్నాను. బాగుంటాయి.

పుస్తకాలు ఒక్కొక్క ఇంటి నుంచే సంఘ పెద్ద దగ్గరికి వచ్చాయి. మగ్గం అవ్వ ఇచ్చేటప్పుడు, "వరస చూసి కట్టించు పెద్దాయనా. పడుగు తప్పితే గుడ్డ కాదు" అన్నది.

"నువ్వు నాకు చెప్పేదానివయినావా?" అన్నాడు ఆయన.

మూట కట్టుకొని రాయచోటి దాకా పోయాడు. అక్కడ కోమట్ల లెక్కల పుస్తకాలు కట్టే సాయిబు ఒకడు ఆయన బంధువులకు తెలుసు. సాయిబు బుద్ధిమంతుడు. ఇవి ఏ వరసలో ఉండాలని అడిగాడట. "ఏం వరస? ఉన్న వరసే" అన్నాడట మా సంఘ పెద్ద. ఈ సంగతి ఆయన వెంట పోయిన బండి మనిషి చెప్పాడు. బంగారు రంగు అక్షరాలతో, తోలు అట్టలతో గ్రంథం తిరిగొచ్చింది. అందరూ వరుసగా వచ్చి అట్ట కండ్లకద్దుకొని పోవాలన్నారు.

ఉపదేశి కూడా వచ్చాడు. అట్ట ఎత్తి, నాలుగు చోట్ల తిప్పి చూసి, మూసేశాడు. "మంచిగా కట్టినాడు. అట్టలు శానా గట్టివి" అన్నాడు.

బయటికి వచ్చాక నాతో చెప్పాడు. ఏ ఇంటివాళ్లు ముందు ఇచ్చి ఉంటే ఆ పుస్తకం ముందు ఉంది. ఆఖరున ఉండాల్సిన ప్రకటన ఎక్కడో మొదట్లో ఉంది, నడుమ ఉండాల్సిన కీర్తనలు ఆఖరున. సరిగ్గా నడుమ, ఎవరు తెరిచినా పడేచోట, లేవీయకాండం.

"చెప్పేది కదా ఉపదేశయ్యా" అన్నాను.

"ఎందుకప్పా? తెరిచినోనికి అదే తెలుస్తాది. తెరవనోనికి ఏ వరసైతే ఏం?"

ఆ తర్వాత ఆయన నాపరాళ్ల గనిలో చేరాడు. పల్లె విడిచి పోలేదు. కొత్త ఉపదేశి వచ్చి మళ్లీ కంఠతా పట్టించడం మొదలుపెట్టాడు. అయినా ఆదివారం సాయంత్రాలు మగ్గం అవ్వ చావిట్లో మేము కలిసేవాళ్లం. సంతలో అమ్మే పలుచని సువార్తలు కొన్ని దొరికాయి. మిగతావి ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్పేవాళ్లు. ఆయన రాతి దుమ్ముతో తెల్లగా వచ్చి చివర కూర్చునేవాడు. నేర్పేవాడు కాదు. ఎవరైనా తెలిసినట్లు మాట్లాడితే దగ్గేవాడు. మొదట అది ఉత్తుత్తి దగ్గు. తర్వాత నిజంది వచ్చింది.

సమాధికి అయ్యగారు అందుకోలేదు. బస్సు చెడిందట. సంఘ పెద్ద తెల్ల కోటు వేసుకొని వచ్చాడు. ఈ సహోదరుని తానే చేయిపట్టి నడిపించాననీ, ఆయనకు వాక్యమంటే ఎంత ఇష్టమో తనకొక్కడికే తెలుసనీ చెప్పాడు. గనిలో పనిచేసేవాళ్లు గుంత పక్కన పారలు పట్టుకొని నేల చూస్తూ నిలబడ్డారు.

తర్వాత గ్రంథం తెప్పించాడు. ఇద్దరు మోసుకొచ్చారు. పట్టుగుడ్డ తీసి, కీర్తన చదువుతానని చెప్పి, నడిమికి తెరిచాడు. తెరిచి, సంతాపానికి సరిపోయేంత గొంతు పెట్టి, రాగం తీసి చదవసాగాడు.

గుడ్డకు పట్టిన మచ్చ. అది పచ్చగానో ఎర్రగానో ఉంటే యాజకునికి చూపించడం. ఏడు దినాలు మూసిపెట్టడం.

నేను తలెత్తి చూశాను. ఆయన ముఖంలో ఏ తేడా లేదు. అక్షరం అక్షరం స్పష్టంగా పలుకుతున్నాడు. తన నోటి నుంచి వస్తున్నది తన చెవికి చేరలేదు. పడుగు అన్నాడు, పేక అన్నాడు. అగ్నితో కాల్చివేయవలెను అనేచోట గొంతు వణికించాడు.

నా ముందు మగ్గం అవ్వ నిలబడి ఉంది. తల కొంచెం పక్కకు తిప్పి, తోడికోడళ్లకు వినిపించేంత మెల్లగా అన్నది:

"మరిచిపోలేదు చూడండే. పోంగానే పైన అడిగినట్లుండాడు."

పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చిన్నామె. తర్వాత వెనక వరసలో ఆడవాళ్లంతా, ఒకరి తర్వాత ఒకరు. మా నాయన తలగుడ్డలో ముఖం దాచుకున్నాడు. గుంత చుట్టూ అందరి భుజాలూ కదులుతున్నాయి. సంఘ పెద్ద గ్రంథం మీదుగా ఒకసారి మమ్మల్ని చూశాడు. జనం అంతగా ఏడవడం చూసి తృప్తిపడి, వేలు తడి చేసుకొని, ఆకు తిప్పాడు.