అచ్చమ్మ వాము నీళ్ళు

అరవై రెండు ఎండాకాలంలో ఆగిరిపల్లి చర్చివాళ్ళు పిల్లలకు సెలవుల బడి పెట్టారు. ఏ కులం పిల్లలైనా రావచ్చు, ఫీజు పిడికెడు బియ్యం. ఆ బియ్యంతో మధ్యాహ్నం వంట చేసేది మా మామిడితోటలో కూలికొచ్చే అచ్చమ్మ. పిల్లలు లేని మనిషి.

పాటలు నేర్చుకుంటానంటే మా అమ్మ పంపింది కానీ, అక్కడ మెతుకు ముట్టుకుంటే వీపు చీరేస్తానంది. అందుకని నాకు రోజూ సరిగ్గా భోజనాల వేళకే కడుపునొప్పి వచ్చేది. అచ్చమ్మ నమ్మింది. వాము నీళ్ళు కాచి ఇచ్చేది, నేను చాటుగా పారబోసేదాన్ని.

నాలుగో రోజు ఆమె ఎండలో మా ఇంటికొచ్చింది.

"అమ్మగారూ, పాపగారికి నొప్పి తగ్గట్లేదండీ. నూజివీడు ఆసుపత్రిలో చూపించండి."

అమ్మ పకపకా నవ్వింది. "దానికి నొప్పేంటే, పిచ్చిమొహమా! నీ చేతి కూడు తినకూడదని నేనే చెప్పాను."

అచ్చమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మర్నాడు సిగ్గుతో చచ్చిపోతూ పంక్తిలో కూర్చున్నాను. "అచ్చమ్మా, నాకూ అన్నం పెట్టు."

ఆమె గరిటె పాస్టరుగారి భార్య చేతికిచ్చింది.

"ఈ పాపగారికి మీరు వడ్డించండమ్మా," అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

తర్వాత తోటలో ఎదురైనప్పుడల్లా నవ్వేది. దగ్గరికి మాత్రం ఎప్పుడూ రాలేదు.